రమ ఖాళీగా వదిలిన జాగా

మన ఇంటి గ్రూపులో నేను పోస్టులు రాయను. మీరు పెట్టినవి చదువుతాను, అంతే.

నిన్న పొద్దున దీపం వెలిగిస్తుంటే రమ వాళ్లాయన ఫోన్.
"అక్కా... రమ లేదక్కా."

ఇంకేం వినిపించలేదు. అగ్గిపుల్ల వేళ్ల దాకా కాలింది.

రమ మా ఆయన చెల్లెలు. హసన్‌పర్తిలో కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేది. మంచి మనిషని అందరూ రాశారు. నేను చూసిన ఒక సంగతి ఎవరూ రాయలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

మాది జంపఖానాలు నేసే పని. మా ఆయన ఇన్నేళ్లుగా గీసిన డిజైన్లన్నీ షాపు కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఇప్పుడు ఆయన చెయ్యి వణుకుతుంది. అవి పోతే మళ్లీ గీయలేరు. వేరే కాపీ పెట్టుకోమని రమ ఎంత చెప్పినా వినలేదు.

కొత్త హార్డ్ డిస్క్ కొన్నప్పుడు రమే వచ్చి, కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ వేసింది. ముందు బోలెడు ప్రశ్నలు. నెలకెన్ని గీస్తావ్, ఒక్కోటి ఎంత ఉంటది...

"పెండ్లి సంబంధం అడిగినట్టు అడుగుతానవేందే? అంతా ఒక్కటే పెట్టు."

"వద్దన్నా. లినక్స్ ఒక దిక్కు, నీ డిజైన్లు ఒక దిక్కు."

అలా పంచాక కూడా కొంత జాగా మిగిలింది.

"గా మిగిలిన జాగా ఎవలికే?"

"ఎవలికి గాదు. రేపు ఏ దిక్కు ఇరుకైతదో నాకు తెల్వదు. ఇప్పుడే అంతా పంచితె మల్ల గుంజుకునుడు కష్టం."

అంత చదువుకున్న పిల్ల "నాకు తెల్వదు" అని, ఆ తెలియనిదానికి కూడా చోటు ఉంచింది.

మొన్న వానల్లో కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ తెరుచుకోలేదు. రమ పరుగున వచ్చింది. లినక్స్ మళ్లీ వేయాలంది. తెర మీద ఫార్మాట్ అని, అంటే ఉన్నదంతా చెరిపేసే మాట, కనబడగానే మా ఆయన ఆమె చెయ్యి పట్టేసుకున్నారు.

రమ విసుక్కోలేదు.
"నువ్వే సదువన్నా. టిక్ దేనికున్నది?"

ఆయన అక్షరం అక్షరం చదివారు. లినక్స్ ముక్కకే ఉంది.

"డిజైన్ల జోలికి పోతలేను. ఇగ చెయ్యి ఇడువు."

కొత్త లినక్స్‌కు పాత జాగా చాలలేదు. ఖాళీగా ఉంచినదాంట్లోంచి కొంత ఇచ్చింది. కాసేపటికి నెమళ్ల డిజైన్ తెర మీదికి వచ్చింది. తర్వాత తామరలది. తర్వాత అన్నీ.

మా ఆయన ఒక్కో డిజైన్ తెరిచి చూసుకున్నారు. చివరికి, "తిన్నవా రమా?" అన్నారు.

నాకు తెలియకుండానే చేతులు జోడించాను. రమ నవ్వింది. "నాకెందుకు వదినా దండం? జర చాయ్ పొయ్యి."

ఇవాళ మగ్గాలు ఆపాం. రేపు ఆ నెమళ్లే నేస్తాం.

ఇది మన ఇంటివాళ్ల కోసమే రాశాను. దాచుకోండి. ఎవరికీ పంపకండి, పొగిడితే రమకు సిగ్గు.

వెళ్లిరా తల్లీ. ఆ దేవుడి దగ్గర నీ ఆత్మ చల్లగా ఉండాలి.