పొగ పోయేదాంకా

మా చర్చి అయ్యగారు రాయమంటే రాస్తా ఉండాను. నాలుగో క్లాసు దాకానే చదివినాను, తప్పులుంటాయి. మీలో ఎవరికన్నా తప్పు ఒప్పుకునేదానికి ఇట్లా పోవాల్సి వస్తే దారి తెలస్తాది.

ఆరేండ్ల కింద మా అమ్మను మట్టిచేసే దినం, గౌనిపల్లి నుంచి అక్క వచ్చింది. అక్కను హిందూ ఇంటికి ఇచ్చినారు. పెట్టె మూసే ముందర అమ్మ చేతిలో ఒక ఆకు పొట్లం పెట్టబోయింది. కుంకుమే అనుకున్నాను. "మా అమ్మకు బొట్టు పెడతావా?" అని అరిచి, అందరి ముందర లాక్కొని బయటికి విసిరేసినాను. అక్క అప్పుడే ఊరికి తిరుక్కునింది. మళ్లా రాలేదు.

నా కోపం అట్లాంటిది. దానికి తాళలేక పెండ్లాం కూడా నన్ను విడిచి పోయింది. కేజీఎఫ్ బంగారు గనుల కాడ, చాంపియన్ రీఫ్స్‌లో, కూలోళ్ల లైన్ ఇంట్లో ఒక్కణ్ణే ఉండాను.

పోయిన ఏడు చర్చిలో మోకాళ్లేసి ఏడ్చినాను. దేవుడు క్షమించినాడని మనసు తేలికయింది. అయ్యగారు మాత్రం మొన్న, "దేవుని కాడ ఒప్పుకున్నావు, సరే. విసిరింది అక్క పొట్లం కదప్పా?" అన్నారు.

అందుకే శనివారం పొద్దున్నే మారికుప్పంలో రైలెక్కినాను. బంగారుపేటకు పది రూపాయలు. బండి నిండా బెంగళూరు డ్యూటీకి పోయేవాళ్లు, ఒకరి టిఫిన్ ఒకరు తింటా ఉండారు. ఎదురుగా ఉండే పెద్దాయన అడిగినాడు, "యాడికప్పా?"

"అక్క ఊరికి."

"వట్టి చేతుల్తోనా? బాగుండాదే తమ్ముడి వరస!"

పక్కనోళ్లు నగినారు. నాకు చెవులు కాలినాయి.

మా నాయన గనిలో చేసినాడు. మందు పేల్చినాంక, పొగ పోయేదాంకా ఎవరూ లోపలికి పోగూడదనేవాడు. నేను కోపానికి ఆ రూలే పెట్టుకున్నాను. లోపల ప్రార్థన చేసుకొని, పొగ పోయినాంకే నోరు తెరిచేది. కిటికీ కమ్మి పట్టుకొని కూర్చున్నాను. రెండు స్టేషన్లు పట్టింది.

బంగారుపేటలో దిగి ఇడ్లీ తిని, ఒక బ్రెడ్డు కొన్నాను. ఆడ్నించి కోలారుకు ఒక బస్సు, శ్రీనివాసపురానికి ఇంగో బస్సు. తర్వాత గౌనిపల్లి బస్సెక్కితే దారంతా మామిడి తోటలే. గౌనిపల్లిలో దిగేసరికి పన్నెండయింది.

బావ వాకిట్లో మనుషుల్ని పెట్టి టమాటా ఏరిస్తా ఉండాడు. "ఏమయ్యా కేజీఎఫ్ దొరా! విసిరేది ఇంగా ఏమన్నా మిగిలిందా?"

ఏరేవాళ్లంతా నగినారు. పిడికిలి బిగిసింది. ప్రభువా, ప్రభువా అనుకుంటా ఎండలో నిలబడినాను.

"లేదు బావా. విసిరినదానికి తప్పు ఒప్పుకుందామని వచ్చినాను."

బావ నగడం మానేసినాడు. "లోపలుండాది, పో."

అక్క పొయ్యి కాడ సంగటి కెలకతా ఉండాది. తిరగలేదు.

"అక్కా, తప్పయిపోయింది."

కెలికే కట్టె ఆగలేదు. అట్నే అడిగింది, "ఆ పొట్లంలో ఏముండిందిరా?"

"కుంకుమ."

"చూసినావా?"

"లేదు."

"మల్లెపూలు. మా పెరట్లోవి. జడలో పెట్టుకొని చర్చికి పోవాలని అమ్మే అడిగింది. తెచ్చేలోపల పోయింది."

ఆరేండ్లు నేను కుంకుమే అనుకున్నాను.

సంగటి పెట్టింది, తిన్నాను. లేచేటప్పుడు అడిగినాను, "రెండు పూలు ఇస్తావా అక్కా? అమ్మ సమాధి మీద పెడతాను."

"చెట్టు ఎండిపోయి రెండేండ్లయింది" అనింది.

మూడు గంటల బస్సుకు తిరుక్కున్నాను. అక్క వాకిలి దాకా వచ్చింది. మళ్లా రమ్మని అనలేదు, నేను అడగలేదు. బ్రెడ్డు మాత్రం తీసుకునింది.

బంగారుపేటలో మారికుప్పం రైలెక్కితే పెట్టెలో నలుగురమే. నా కోపానికి పొగ పోయేదాంకా ఆగేది నేర్చుకున్నాను. అక్క పొగ ఇంగా పోలేదు. అది కూడా నేను పేల్చిందే కదా. పోయేదాంకా బయటే నిలబడి ఉంటాను.