నిర్మల్‌లో అమ్మను మరిచిపోయిన డ్రైవర్

హైటెక్ సిటీలో పన్నెండేళ్లుగా ఆఫీసు క్యాబ్ నడుపుతున్నాను. ఇన్నేళ్లలో నేను దారిలో పోగొట్టుకున్నది ఒక్కరినే, అదీ కన్నతల్లిని. ఎలాగో చెబుతాను, నవ్వండి. మా ఇంట్లో అందరూ నవ్వారు. అందరికంటే అమ్మే ఎక్కువ నవ్వింది.

మా పనికి రెండు నియమాలు. వెనక సీటు వైపు చూడకూడదు, అద్దంలో చూసినా ఫిర్యాదు వస్తుంది. తలుపు పడిన చప్పుడు వినగానే బండి కదలాలి. ఇవి నాకెంత ఒంటపట్టాయంటే, ఇంట్లో బాత్‌రూమ్ తలుపు పడినా కాలు క్లచ్ కోసం వెతుక్కుంటుంది.

మూడేళ్ల కిందట మా చిన్నికి అక్షరాభ్యాసం చేయించడానికి బాసర వెళ్లాం: నేను, నా భార్య లత, చిన్ని, అమ్మ. అమ్మ మా ఐటీ కారిడార్‌లోనే ఒక అద్దాల మేడలో హౌస్‌కీపింగ్ చేసేది. డ్యూటీకో పెళ్లికో చావుకో తప్ప మేముండే గోపన్‌పల్లి దాటి ఎరగదు. తిరుగు దారిలో రోడ్డు పనులు జరుగుతున్నాయంటే బండిని నిర్మల్ మీదుగా తిప్పాను. అలా మేం అనుకోని ఊరొకటి ఎదురైంది. చుట్టూ గుట్టలు, మధ్యలో చెరువులు, పాత కోటగోడ పక్కన తీరిగ్గా టీ తాగే మనుషులు. అక్కడ ఎవరికీ లాగిన్ టైమ్ ఉన్నట్టు లేదు.

కొయ్యబొమ్మలు చేసే ఇంటి ముందు ఆపమంది అమ్మ. లోపల ముగ్గురు ఆడవాళ్లు రంగులు వేస్తున్నారు. వెళ్లి వాళ్ల పక్కన కూర్చుంది.

"నర్సిమ్మా, ఊరు మంచిగుందిరా. ఇయ్యాల ఈడనే పండుకుందామా?"

"రేపు పొద్దుగాల ఆరింటికి పికప్ ఉందమ్మా."

"ఒక్క రాత్రే గదరా."

"మళ్లొస్తం లే. అయిదు నిమిషాలల్ల రా."

నేను బండిలో కూర్చుని సూపర్‌వైజర్‌తో ఫోన్‌లో ఉన్నాను. వెనక లత నిద్రపోతోంది. అమ్మ వచ్చి తలుపు తీసి, సంచి లోపల పెట్టి, నీళ్లు తాగొస్తానని చిన్నితో చెప్పి, తలుపు వేసి వెళ్లింది. నాకు వినబడింది తలుపు చప్పుడు మాత్రమే. ఫోన్ పెట్టేశాను. బండి కదిలింది.

గోదావరి వంతెన మీద నెమ్మది చేసి, "అమ్మా, గంగమ్మకు దండం పెట్టుకో" అన్నాను. జవాబు లేదు. అలిగిందనుకున్నాను.

"నానమ్మ లేదు నానా," అంది చిన్ని.

"ఏడికి పోయింది?"

"నీళ్లు తాగనీకి."

"మరి చెప్పవేందే?"

"బండి నడిపేటప్పుడు మాట్లాడొద్దన్నవ్ గద."

లత ఉలిక్కిపడి లేచింది. "అత్తమ్మను ఇడిసిపెట్టొచ్చినవా?"

అమ్మకు ఫోన్ చేశాను. వెనక సీట్లో ఉన్న సంచిలోంచి మోగింది.

ఆ తర్వాత బండి ఎలా నడిపానో రాస్తే నా లైసెన్సు పోతుంది. దారి పొడుగునా అమ్మ రోడ్డు మీద నిలబడి ఏడుస్తున్నట్టే అనిపించింది. తీరా చూస్తే, చాప మీద కూర్చుని వాళ్లు పెట్టిన జొన్నరొట్టె తింటూ, ఎడమచేత్తో ఒక కొయ్య చిలకను పట్టుకుని రంగు ఆరిందా అని చూస్తోంది.

"గప్పుడే వచ్చినవారా?" అంది. ముఖం చిన్నబోయింది.

"పరేషాన్ కాలేదా అమ్మా?"

"వస్తవని ఎరుకే గద. జర ఆలస్యంగ వస్తవనుకున్న."

చిలకను అక్కడే పెట్టి, చేయి కడుక్కుని వచ్చి బండెక్కింది. దారంతా నవ్వుతూనే ఉంది. మర్నాడు తన బిల్డింగ్‌లో సెక్యూరిటీ నుంచి లిఫ్ట్ మనిషి దాకా అందరికీ చెప్పింది, మా కొడుకు నన్ను మర్సిపోయిండని. ఆ ఆరింటి పికప్ మాట అడగరేం? తీరా వాళ్ల వాకిట్లోకి వెళ్లాక, ఈ రోజు ఇంటి నుంచే పని చేస్తానంది బండెక్కాల్సిన అమ్మాయి.

తర్వాత దసరాకు అడిగింది, ఎండాకాలం సెలవుల్లో అడిగింది. "నిర్మల్ ఎప్పుడు పోదాంరా?" సెలవు దొరకదన్నాను. మొన్న వానాకాలంలో ఒక మధ్యాహ్నం, డ్యూటీలో మెట్ల మీద కూర్చున్న అమ్మ మళ్లీ లేవలేదు. అమ్మ జీవితంలో ఏ పనీ లేకుండా కూర్చున్నది నిర్మల్‌లో ఆ గంటసేపే. దాన్ని కూడా నేనే పరుగున వెళ్లి ఆపేశాను. తలుచుకుంటే ఏడుపొస్తుంది.

అందుకని స్టీరింగ్ మీద చేయివేసి, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట అమ్మను ఏ మంచి ఊళ్లోనైనా మరిచిపోయి వస్తే, తెల్లారేదాకా వెనక్కి వెళ్లను.