వయసు తెలీదంటే సున్నా పెట్టారు

నాను చిన్నప్పుడు... మా ఇంటి దూలానికి మూడు తాళ్ళు వేలాడేవి. అయ్యకొకటి, అన్నకొకటి, చిన్నాన్నకొకటి. మా ఇంట్లో ఎవరికీ అక్షరం ముక్క రాదు. ఆ తాళ్ళే మా రాత.

మనిషి సముద్రం మీద చేపల వేటకెళ్తే అతని తాడుకి అమ్మ వదులుగా ఉచ్చు వేసేది. తిరిగొస్తే లాగి ముడి బిగించేది. అసలు వెళ్ళకపోతే తాడు నున్నగా ఉండేది... అంతే లెక్క.

ఒకసారి గాలివానకి చిన్నాన్న రాలేదు. రెండ్రోజులైంది. పొరుగోళ్ళొచ్చి, "ఇంకేటి సూస్తన్నావే, మీ మరిది తాడు దించీయే" అన్నారు. మా అమ్మ చీపురందుకుంది.

"రాడని మీకెవలు సెప్పారే? తెలవనిది తెలవనట్టే ఉంటాది. తాడు ముట్టుకుంటే సెయ్యిరిసేత్తాను!"

మూడోనాడు చిన్నాన్న పూడిమడక ఒడ్డు నించి నడుచుకుంటూ వచ్చాడు. అమ్మ ముడి బిగించి... అప్పుడేడ్చింది.

ఇదంతా ఎందుకు చెప్తన్నానంటే...

మొన్న మల్కాపురంలో ముసలోళ్ళకీ పిల్లలకీ కంటి శిబిరం పెట్టారు. నాకు ఎడమకన్ను పోయి రెండేళ్ళు. కుడిది మసక. పేర్లెక్కించే ప్రోగ్రామ్ రాసింది నా మనవరాలే. కంప్యూటర్లో ఒక్కో మనిషికీ ఒక్కో పెట్టె పుట్టిస్తాదట... అందులో పేరు, ఊరు, వయసు అని అరలు. వయసు చెప్పనోళ్ళ అరలో దానంతటదే సున్నా పడేలా రాసింది. నా వయసు నాకేటి తెలుసు?

శిబిరం రోజు నన్ను పిల్లల వరసలో పిలిచారు! చంకలో బిడ్డల్తో తల్లులు... మధ్యలో నాను. "మామ్మా, పాలు తాగొచ్చావా?" అని ఒకామె నవ్వింది. పెద్దోళ్ళ వరసకి పోతే నా పేరే లేదన్నారు. అటూ ఇటూ తిరిగేసరికి డాక్టర్లు వ్యానెక్కేశారు.

"ఖాళీగా ఉంటే ప్రోగ్రామ్ ఆగిపోతాది మామ్మా, అందుకే సున్నా..." అని నా మనవరాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఆగనీయే! ఆగితే నన్ను పిలిచి అడుగుదురు. సున్నా అంటే నిన్న పుట్టినదాన్ని. తెలవదంటే తెలవదు. రెండూ ఒకటేటే?"

ఇప్పుడు మార్చిందిలెండి. తెలీకపోతే 'తెలీదు' అనే పడతాదట, మనిషిని చూసి వరస చెప్పమంటాదట. మళ్ళీ శిబిరం ఎప్పుడో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. అందాకా ఈ కన్ను ఆగుతాదా?

ఇది రాస్తన్నదీ ఆ పిల్లే. ఒక్క మాట తగ్గించొద్దన్నాను.

ఒకప్పుడు ముడతలు చూసి ముసలిదంటూ ముందు కూర్చోబెట్టేవారు... ఇప్పుడు ఎదురుగా నిలబడినా తెరకేసే చూస్తన్నారు. మీ ఇళ్ళల్లో పుట్టినరోజు తెలవని పెద్దోళ్ళుంటే, వాళ్ళ వయసు దగ్గర ఏటి రాశారో చెప్పండి. పిల్ల చదువుతాది... నాను వింటాను.