నీటికుక్కకు దీర్ఘం ఎందుకొచ్చింది

ఆ రోజుల్లో నా అసూయకు నేను పెట్టుకున్న పేరు పరిశోధనాసక్తి. తార్నాకలో ఇల్లు, పక్కనే క్యాంపస్, భాషాశాస్త్రంలో పరిశోధన నాలుగో ఏడు. లిథువేనియాలో జరిగే వేసవి తరగతులకు మా విభాగం నుంచి ఒక్కరినే పంపుతామన్నారు. ఆ ఒక్కడూ నేనేనని మా అమ్మ వీధంతా చెప్పేసింది (వారాసిగూడలో ఉన్న పిన్నికి రెండుసార్లు చెప్పింది). అంతలో జనగామ వైపు పల్లె నుంచి వచ్చి, మాణికేశ్వర్ నగర్‌లో గది తీసుకున్న ఓ జూనియర్ మా విభాగంలో చేరింది. ఎప్పుడూ పుస్తకాల్లోనే ఉండేది కనుక 'నిఘంటువు' అని పేరు పెట్టాను. అయినా కసి తీరలేదు. మా గైడు మేడం నాలుగేళ్లలో నన్ను ఒక్కసారీ అనని "భేష్" అనే మాట, ఆమెను వారానికి రెండుసార్లు అనేవారు మరి.

ఎవరిని పంపాలో తేల్చే సెమినార్‌లో నిఘంటువు, ఏటిలో ఈదుతూ చేపలు పట్టుకు తినే నీటికుక్క గురించి మాట్లాడింది. దాన్ని లిథువేనియన్లు 'ఊద్ర' అంటారు, రష్యన్లు 'విద్ర'. ఈ రెండింటికీ వేల ఏళ్ల కిందట తల్లిమాట ఒకటి ఉండేదని, అది నీళ్లకున్న పాత పేరు నుంచి పుట్టిందని, మన సంస్కృతంలోని 'ఉద్ర' దానికి చుట్టమని బోర్డు మీద రాసి చూపింది. మేడం తలూపుతున్నారు. అది చూసి ఆగలేకపోయాను. జవాబు నాకు తెలుసు. ఆమెకు తెలియదని నా నమ్మకం.

"సంస్కృతంలో 'ఉ' హ్రస్వం, లిథువేనియన్‌లో 'ఊ' దీర్ఘం. ఆ దీర్ఘం ఆకాశం నుంచి ఊడిపడిందా?" అన్నాను.

"లేదన్నా," అంది నెమ్మదిగా. "ఆ భాషలల్ల ఒత్తులేని 'ద' ముందటున్న అచ్చు దీర్ఘమైతది. నేను కొత్తగ వచ్చినప్పుడు సమజ్ కాకుంటే నువ్వే చెప్పినవ్ కదా! తార్నాక బస్టాప్ల, నా నోట్‌బుక్ వెనక రాసి. మూడు బస్సులు పోయినా ఆపలే నువ్వు."

నాకు గుర్తే లేదు. నోట్‌బుక్ తిప్పి చూపింది. చేతిరాత నాదే. (అప్పటికి మేడం ఆమెను మెచ్చుకోవడం మొదలవలేదు.)

"తెలిసిన ప్రశ్న ఎందుకు అడిగావయ్యా?" అన్నారు మేడం.

"అందరికీ తెలవాలని అడిగిండు మేడం," అంది నిఘంటువు, నిజంగానే నమ్మి.

ఆమే లిథువేనియా వెళ్లింది. నేను ముఖం చాటేసి వారం రోజులు జ్వరమన్నాను. ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. ఆమె మీద అసూయ ఎప్పుడో పోయింది. మిగిలిందల్లా ఇంకొకడి మీద: ఎవరు తనను దాటిపోతారో లెక్కచేయకుండా, ఎండలో నిలబడి, తెలిసిందంతా ఓ కొత్త పిల్లకు చెప్పేసిన ఆ ఇరవయ్యారేళ్ల కుర్రాడి మీద.