కిటికీ పక్కన మూడో గుంత

మా కరాటే మాస్టర్ పోయారు. పోయిన నెల ఒక ఉదయం, కోవిల్‌పట్టిలో, క్లాసు ముగించి, పిల్లలను పంపి, షెడ్డు ఊడ్చి కుర్చీలో కూర్చున్నవారు మళ్ళీ లేవలేదు. కర్మాంతరం నాడు భోజనాల దగ్గర పెద్దలు ఆయన మీద ఒక అభియోగం మోపారు: "తాను పెంచిన పిల్లనే నలుగురిలో ఓడగొట్టినోడు. ఒక కప్పు తేలే. ఆ షెడ్డు ఇంక యాలకు?" దాన్ని అగ్గిపెట్టెల గోడౌనుకు ఇచ్చేద్దామన్న మాట కూడా అక్కడే నడిచింది. ఆ అభియోగానికి నేను జవాబు చెప్పదలచుకున్నాను. ఓడిన ఆ పిల్లను నేనే. ఆ మాటను మొదట పుట్టించిందీ నేనే.

ఈ తెలుగు లిపిని నేను కాలేజీలో చేరాకే నేర్చుకున్నాను. తమిళనాడులోని మన తెలుగిళ్ళలో చాలామందికి మాట వచ్చు, అక్షరం రాదు. చదవగలిగినవారు దయచేసి పక్కవారికి చదివి వినిపించండి.

కడంబూరు దగ్గరి మా పల్లె నుంచి చదువు కోసం కోవిల్‌పట్టికి వచ్చిన ఏడు నాకు పదమూడేళ్ళు. బడిలో ఇద్దరితో కొట్లాడి వచ్చాను. ఆ చేతికి ఏదో ఒక పద్ధతి రావాలని అమ్మ నన్ను ఎట్టయాపురం రోడ్డులోని ఆ కరాటే స్కూలుకు తీసుకుపోయింది. బయట అద్దాల తలుపు, నీలిరంగు బోర్డు, బెల్టుల రంగుల పట్టిక. లోపల మాత్రం అది మాస్టర్ నాన్నగారి నేత షెడ్డే. నేతగాళ్ళు కాళ్ళు దించి మగ్గం తొక్కిన గుంతలు, పన్నెండు చోట్ల, సిమెంటుతో పూడ్చి ఉండేవి. కొత్త సిమెంటు రంగు పాత నేలలో కలవలేదు. ఆ మచ్చలే మా స్థానాలు. ఎవరి గుంత మీద వారు నిలబడాలి, అడుగు వేయాలి, తిరిగి దాని మీదికే రావాలి. నాది కిటికీ పక్కన మూడోది.

మొదటి నెల అంతా ఇదే పని. పిడికిలి బిగించనివ్వలేదు. కొట్టడం ఎప్పుడు నేర్పుతారని నిలదీశాను.

"అంత బిరీనా యాలకు పాపా? మా నాయన నేసేటప్పుడు కాలు ముందు, చెయ్యి ఎనక. కాలు తప్పితే నూలు తెగుతాది. ఇదీ అట్లే."

నూలుకూ పిడికిలికీ పోలిక కుదరదని నాలుగు కారణాలతో వాదించాను. ఆయన చేతులు కట్టుకుని చివరిదాకా విన్నారు. తరువాత, "మాట్లాడేది ముగిసెనా? సరే, ఇప్పుడు నిలువు" అన్నారు. ఇప్పటిదాకా ఏ వాదన పోటీ వేదిక మీదా నన్ను అంత తేలిగ్గా ఎవరూ ఓడించలేదు.

ఆయనకొక అలవాటు ఉండేది. మెచ్చుకుంటే తమిళంలో, షెడ్డంతా వినేలా మెచ్చుకునేవారు. మందలించాలంటే మా తెలుగిళ్ళ పిల్లల చెవి దగ్గరికి వంగి, ఇంటి మాటలో, మెల్లగా చెప్పేవారు. తమిళ పిల్లలనైతే నీళ్ళ తొట్టి దగ్గరికి పిలుచుకుపోయేవారు. మా తప్పు మరొకరి చెవిన పడకూడదన్నదే దాని ఉద్దేశమని నాకు తట్టలేదు. మూడేళ్ళపాటు, ఆయన నోట తెలుగు వినబడితే చాలు, నేను తప్పు చేశానన్నమాటే.

విరుదునగర్‌లో పోటీ జరిగింది. చివరి ఆట. రెఫరీ ఆపమన్నాడు. ఎదుటి పిల్ల చేతులు దించింది. నేను ఆపలేదు, నా పిడికిలి ఆమె దవడకు తగిలింది. ఆమె వెనక నిలబడిన రెఫరీకి అది కనబడలేదు, నా చెయ్యి పైకెత్తబోయాడు. అప్పుడు మా మాస్టర్ లేచి, హాలంతా వినేలా తమిళంలో చెప్పారు: "మా పిల్ల ఆపమన్నాక కొట్టింది. గెలుపు ఆ పాపది."

తిరుగు ప్రయాణంలో, సాత్తూరులో బస్సు ఆగినప్పుడు ఆయన కరకరలాడే కారసేవు పొట్లం కొనుక్కొచ్చి నా ఒళ్ళో పెట్టారు. చెవి దగ్గరికి వంగి, తెలుగులో, "ఈ పొద్దు నీ కాలు బాగుండె పాపా" అన్నారు.

అది మెప్పు. ఇంటి మాటలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. మూడేళ్ళుగా అలవాటు పడిన నా చెవికి అది వెక్కిరింపుగా వినబడింది. "పెంచిన పిల్లనే ఓడగొట్టినోళ్ళు మీరు. ఇంక రాను" అని పొట్లం ఆయన చేతిలోనే పెట్టేశాను. ఆయన కోవిల్‌పట్టిలో దిగాక నా సంచి మోసుకొచ్చి అమ్మకిచ్చి వెళ్ళిపోయారు. ఆ వారమంతా వీధిలో కనబడినవారికల్లా నా మాట చెప్పుకున్నాను. అది నాకన్నా బాగా బతికి, ఆయన కర్మాంతరం దాకా వచ్చింది.

విరుదునగర్‌లో కాలేజీలో చేరి వాదన పోటీలకు దిగాను. పోయిన ఏడాది ఒక పోటీలో ప్రత్యర్థి అనని మాటను ఆమె అన్నట్టుగా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఎవరూ పట్టుకోలేదు. కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియలేదు. ఆ తరువాతే నోరు కదిలింది: నేను చెప్పింది తప్పు, ఆమె అలా అనలేదు. ఓడిపోయాను. కాలు ముందు, చెయ్యి ఎనక. అప్పుడు ఆ బస్సులో ఆయన అన్న మాట మొదటిసారి సరిగ్గా, మెప్పుగా వినబడింది.

శనివారం వెళ్ళి చెప్పాలనుకున్నాను. పరీక్షలు వచ్చాయి. తరువాత మరో పోటీ. బస్సులో గంట దూరం. ఒక ఏడాదిలో ఆ గంట నాకు దొరకలేదు. ఇప్పుడు పొగడ్త అక్కరలేదు నాకు. ఎవరైనా చెవి దగ్గరికి వంగి, ఇంటి మాటలో, మెల్లగా తిడితే చాలుననిపిస్తుంది.

ఇక జవాబు. అవును, ఆయన నన్ను నలుగురిలో ఓడగొట్టారు. నేను కొట్టింది నలుగురి ఎదుట గనుక, సరిదిద్దిందీ నలుగురి ఎదుటే. దెబ్బ తిన్న పిల్లకు చెందాల్సిన న్యాయాన్ని ఆయన చెవిలో గుసగుసగా చెప్పలేదు. కప్పులు లేవన్నదీ నిజమే. ఆ షెడ్డులో నేర్చిన పిల్ల ఆపమన్నాక కొట్టదు; కొడితే తానే ఒప్పుకుంటుంది. అద్దాల బీరువా నిండా కప్పులున్నవారు తమ పిల్లల గురించి ఈ మాట చెప్పి చూడండి.

మాస్టర్ భార్య షెడ్డు తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఇన్నేళ్ళూ ఆ మూడో గుంత మీద ఆయన ఎవరినీ నిలబెట్టలేదట. "కోపం తగ్గినాక వస్తాదిలే, అంటుండె" అని చెప్పి, ఆమె లోపలికి వెళ్ళిపోయారు.

పెద్దలారా, గోడౌను మాట వెనక్కి తీసుకోండి. మీరు ఎత్తుకున్నది నా మాట. నేను దాన్ని ఉపసంహరించుకున్నాను. శనివారం ఉదయం ఏడింటికి తలుపు తెరుస్తాను. నేర్పే అర్హత నాకు లేదు. నాకన్నా ముందు చేరి, చివరిదాకా ఉన్న ఒక తమిళ అక్క నేర్పుతుంది. నేను ఊడుస్తాను. మీ కూతుళ్ళను పంపండి. ఆ వేళకు కిటికీలోంచి ఎండ సరిగ్గా మూడో గుంత మీద పడుతుంది; నా మడమలు అరగదీసిన రెండు నునుపు గుర్తులు అక్కడ మెరుస్తాయి. వాటి మీద నిలబడడానికి ఒక పిల్లను పంపండి.