పచ్చడితో తిరిగెళ్లిన డబ్బా

ఏప్రిల్ వచ్చిందంటే మా ఆఫీసు వంటగదిలో ఎవరో ఒకరు ఐస్‌క్రీమ్ డబ్బా నిండా ఫీజోవా పండ్లు పెట్టి, పైన 'ఉచితం' అని చీటీ అంటిస్తారు. జామకీ అనాసకీ పుట్టి సబ్బుల కొట్లో పెరిగినట్టుండే ఆ వాసన తగలగానే నాకు వెల్లింగ్టన్ శివారు జాన్సన్‌విల్‌లోని మా పెరటి కంచె మీద గుర్రమెక్కినట్టు కూర్చున్న జేడ్ కనిపిస్తుంది.

జేడ్ వాళ్లు ఇంగ్లండ్ నుంచి వచ్చి మా పక్కింట్లో దిగారు. అప్పటికి మా ఇద్దరికీ తొమ్మిదేళ్లు. దొంగిలించడాన్ని అది 'చోర్' చేయడం అనేది. అక్కడి పిల్లలందరూ వాడే మాటేనట గానీ, అసలు మాట వాళ్ల నాయనమ్మ వాళ్లది, రోమానీలనే సంచార జాతిది. వాళ్ల పూర్వీకులు వందల ఏళ్ల కిందట ఇండియా వైపు నుంచే బయల్దేరారట. అన్ని దేశాలు, అన్ని చలికాలాలు దాటుకుంటూ ఆ మాటను చెక్కుచెదరకుండా మోసుకొచ్చినవాళ్లంటే నాకిప్పటికీ గౌరవమే. మేం విమానంలో ఒక్క రోజులో వచ్చి, మా తమ్ముడి తెలుగు మొత్తం దారిలో పారేసుకున్నాం.

"మేం రోమానీలమని స్కూల్లో చెప్పకు. ఇంగ్లండ్ స్కూల్లో ఏది పోయినా ముందు నా బ్యాగే వెతికేవాళ్లు," అంది జేడ్. ఒట్టేశాను.

మాట నేర్చుకున్నాక ప్రాక్టికల్స్ ఉండాలిగా. వెనకింటి గ్రేమ్ అంకుల్ రాలిన ఫీజోవాలు ఏరి చెట్టు కింద డబ్బాలో పెట్టుకునేవాడు. ఒకరోజు డబ్బాతో సహా లేపేసి, నాలుక గరుకెక్కేదాకా తిని, మిగిలినవి ఆయనే ఇచ్చాడని అమ్మమ్మకిచ్చాం. వరంగల్ నుంచి ఆరు నెలలకని వచ్చిన అమ్మమ్మ వాటికి ఎండుమిర్చి చేర్చి పచ్చడి నూరి, ఆవపోపు పెట్టి, అదే డబ్బాలో నింపింది. వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు.

"ఒకలిచ్చిన డబ్బ ఉత్తగ ఎట్లిస్తమే? ఇజ్జత్ పోదా?"

కొంగు సర్దుకుని స్వయంగా ఇచ్చొచ్చింది. దొంగసొత్తుకు పోపు పెట్టి సొంతదారుకే అప్పజెప్పిన కుటుంబం వెల్లింగ్టన్ మొత్తంలో మాదొక్కటే అయ్యుంటుంది.

సాయంత్రం గ్రేమ్ అంకుల్ డబ్బాతో మా గుమ్మంలో నిలబడ్డాడు. "నేనెవరికీ ఇవ్వలేదే. ఎవరు తీశారు?" అని జేడ్ వైపు చూశాడు. నేనూ దాని పక్కనే ఉన్నాను, నన్ను చూడలేదు. జేడ్ ముఖంలో నెత్తురు లేదు. నేను ఊరుకుంటే చాలు, బతికిపోతాను.

"ఐ చోర్డ్ ఇట్," అన్నాను.

"చోరీ జేసినవా పోరీ!" అని వెనక నుంచి అమ్మమ్మ నా చెవి మెలేసింది. ఒక్క ముక్క ఇంగ్లీషు రాని ఆమెకు అర్థమైన నా మొదటి ఇంగ్లీషు వాక్యం అదే.

జేడ్ కళ్లు ఇంతింతయ్యాయి. "మీ అమ్మమ్మ కూడా మావాళ్లేనా?"

గ్రేమ్ అంకుల్ గొంతు సవరించుకున్నాడు. "ఈసారి గేటు తీసుకుని రండి, కంచె పాతది. ఈ పచ్చడి ఇంకాస్త ఉందా?"

ఇప్పుడు ఆ కంచె లేదు. చెట్టున్న చోట మూడు టౌన్‌హౌస్‌లు లేచాయి. జేడ్ వాళ్లు ఇంగ్లండ్ తిరిగెళ్లిపోయారు. అమ్మమ్మ పోయింది, పచ్చడి కొలతలు తనతోనే తీసుకుపోయింది. పోయిన వారం ఆఫీసు డబ్బా ఇంటికి తెచ్చుకున్నాను. పండ్లు అయిపోయాయి. ఉత్తగా తిరిగివ్వడానికి చేతులు రావు, పచ్చడి చేయడం రాదు. డబ్బా కనబడటం లేదని ఆఫీసులో చీటీ కూడా అంటించారు. దీన్ని జేడ్ ఏమనేదో నాకు బాగా గుర్తు.