స్కానర్ లేని ఓడ

మొన్న ధూల్‌పేట్ మీదుగా ఆటోలో వస్తుంటే బొమ్మలకు వేసే రంగు వాసన గుప్పున తగిలింది. యాదగిరి అన్న చొక్కాకు ఎప్పుడూ అదే వాసన. పురానాపూల్ దగ్గర నేను అద్దెకున్న ఇంటి యజమాని ఆయన. వినాయక విగ్రహాలకు కళ్లు దిద్దేవాడు. కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చి ఒంటరిగా ఉంటున్న నాకు ఆ రోజుల్లో అన్నీ భయాలే. నేను ఏ చిన్న తప్పు చేసినా ఎవరికైనా తెలిసిపోతుందేమోనన్నది వాటన్నిటిలోకి పెద్దది.

విగ్రహాల పని లేని నెలల్లో అన్న కంప్యూటర్లో ఒక ఆట ఆడేవాడు. అంతరిక్షంలో యుద్ధం జరిగిన చోటికి ఓడలో వెళ్లి, పగిలిన ఓడల్లోంచి పనికొచ్చే భాగాలు ఏరుకు రావాలి. దారిలో ఎదురయ్యే దొంగలు కూడా ఎక్కడో కూర్చుని ఆడుతున్న నిజం మనుషులే. ఓడ పోతే పోయినట్టే. ఒక ఆదివారం నాకూ నేర్పాడు. నా చిన్న ఓడలో సామాను బిగించడానికి నాలుగే అరలు.

"ఎవడొస్తుండో చెప్పే స్కానర్, ఉరికేతందుకు ఇంజన్. మొదలు ఈ రెండు పెట్టు చెల్లె. ముక్కల్ని గుంజేటిది, కోసేటిది తర్వాత" అన్నాడు.

కొన్ని వారాలకు దొంగలు తిరిగే ప్రాంతానికి బయలుదేరాం. ఆయన పై అంతస్తులో, నేను కింద గదిలో, ఇద్దరి చెవులకూ హెడ్‌ఫోన్లు. ఆయనది మూడేళ్లు కష్టపడి కట్టుకున్న పెద్ద ఓడ. సరుకు నిండితే కదలడమే కష్టం. కాపలా నాది. కానీ ఆ రోజు నేను స్కానర్ తీసేసి, ఆ అరలో రెండో కోత యంత్రం బిగించాను. ఎక్కువ ముక్కలు తెచ్చి ఆయనతో శభాష్ అనిపించుకోవాలని. బయలుదేరాక ఆ సంగతి చెప్పే ధైర్యం లేకపోయింది.

"చెల్లె, స్కానర్ల ఏమన్న కనవడుతుందా?"

"ఏమీ లేదన్నయ్యా" అన్నాను.

ఆయన నమ్మి ఇంకా లోపలికి పోయాడు. ఉన్నట్టుండి మూడు ఓడలు ఆయన్ని చుట్టుముట్టాయి. నాకు వేగంగా పారిపోయే ఇంజన్ ఉంది కాబట్టి తప్పించుకున్నాను. చెవుల్లో ఆయన "ఏడున్నవ్ చెల్లె? చెల్లె!" అని పిలుస్తూనే ఉన్నాడు. తర్వాత ఆ పిలుపూ ఆగిపోయింది. కంప్యూటర్ ఆపేసి తలుపు గడియ పెట్టుకున్నాను.

వారం రోజులు ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాకే బయటికి వచ్చేదాన్ని. చివరికి ఆయనే వచ్చి తలుపు తట్టాడు. ఏమీ అడక్కముందే కక్కేశాను. "స్కానర్ తీసేశానన్నయ్యా. అబద్ధం చెప్పాను. మీరు కోప్పడతారని భయమేసింది."

గడప మీద కూర్చుని గోటికి అంటిన రంగు గీక్కున్నాడు. "ఓడ పోయిందని మస్తు బాధైంది. గానీ స్కానర్ లేదని జెప్తే ఏమంటుంటి? ఇంటికి పోదాం పా అంటుంటి, గంతే గదా. భయమైతే భయమైతుందని చెప్పు. దానికి నేనేం కొడ్తనా?"

మళ్లీ ఇద్దరం చిన్న ఓడలతో మొదలుపెట్టాం. మరుసటి ఏడు ఒక మధ్యాహ్నం ఆడుతుండగా ఆయన ఊపిరి ఈలలా వినిపించింది. మాట మాటకూ ఆగుతున్నాడు. ఏమైందంటే, "ఏం గాలే, ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఆ గొంతు నాకు బాగా తెలుసు. స్కానర్లో ఏమీ లేదని నేను అబద్ధం చెప్పిన నాటి గొంతే అది. ఆట వదిలేసి పైకి పరుగెత్తాను. ఆయన పెదాలు నల్లబడి ఉన్నాయి.

"నాకు భయంగా ఉందన్నయ్యా. మీకూ ఉంది. ఆసుపత్రికి వెళ్దాం."

నా చెయ్యి పట్టుకున్నాడు. "అవు చెల్లె, భయమైతుంది" అన్నాడు.

ఏళ్ల తరబడి రంగు పొడి పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టర్లు చెప్పారు. ఇంకో రెండేళ్లు బతికాడు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, పోయే వరకూ కళ్లు దిద్దుతూనే ఉన్నాడు.

నా భయాలు పోలేదు. ఈ మధ్య ఆఫీసులో నా వల్ల పెద్ద తప్పే జరిగింది. ఎవరూ గమనించలేదు. గంటసేపు కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాను. తర్వాత లేచి మేనేజరు గది తలుపు తోశాను.

"సార్, తప్పు నాదే. చెప్పాలంటే భయంగానే ఉంది. వింటారా?"